రెండు కార్తీకాల నడుమ బరంపురం మటన్

మా అక్క కూతురు స్వాతి బరంపురంలో డాక్టరు చదువు ముగించుకుని గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి నాకు మటన్ వండటమంటే విసుగు పుట్టింది. ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. "బాగానే ఉంది పిన్నీ, కానీ మా మావుసీ చేతిది వేరు," అంటుంది. మా అత్తగారి తరఫు చుట్టాలు, అంటే నన్ను మెచ్చుకుంటే ఆస్తి పోతుందనుకునేవాళ్ళు కూడా, నా మటన్ దగ్గర నోరెత్తరు. అలాంటిది మెడికల్ కాలేజీ రోడ్డులో పిల్లలకి అన్నం పెట్టే ముసలావిడతో నాకు పోటీయా అని ఒళ్ళు మండింది.

"ఒకసారి వెళ్ళి తినిరా. ఛాడఖాయికి వెళ్ళు," అంది స్వాతి. ఒడిశావాళ్ళు కార్తీకమంతా నీచు మానేస్తారు. కార్తీక పున్నమి వెళ్ళిన మర్నాడు దీక్ష వదిలి మాంసం మీద పడతారు. ఆ రోజే ఛాడఖాయి. నేను ఆ మావుసీకి కానుకగా ఒక డబ్బా గుంటూరు కారం పట్టుకుని, పున్నమికి రెండు రోజుల ముందు బరంపురంలో దిగేలా రైలెక్కాను. కూర తినడానికి రాష్ట్రం దాటే మనిషిని నిన్నే చూస్తున్నానన్నాడు మా ఆయన. ఆయనకి ఫ్రిజ్ నిండా కూరలు వండిపెట్టి వచ్చిన సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పడు.

స్టేషన్ బయట

బరంపురంలో పరాయి రాష్ట్రానికి వచ్చామన్న భయం ఉండదు. ఒరియాలో మొదలుపెట్టిన ఆటో అతను నా మొహం చూసి మధ్యలోనే తెలుగులోకి వచ్చేశాడు. "ఎక్కడికెల్లాలమ్మా?" అన్నాడు. ముందు టిఫిన్ దగ్గరికి పొమ్మన్నాను.

అక్కడ ఉప్మా మీద బఠాణీ కూర పోసి ఇచ్చారు. దాన్ని ఘుగుని అంటారు. మన దగ్గర ఉప్మాలోకి చట్నీయో, పంచదారో, కొందరైతే ఆవకాయో వేసుకుంటారు గానీ కూర పోయడమేమిటని ముందు అనుమానించాను. ప్లేటు ఖాళీ అయ్యాక ఇంకోటి తీసుకున్నాను. మా గుంటూరు ధరలో సగమే అయింది కాబట్టి దానికి పశ్చాత్తాపం కూడా లేదు.

అంతటితో ఊరుకోవాల్సింది. ఆమ్లెట్ ఉందా అని అడిగాను. బండి దగ్గర తింటున్నవాళ్ళందరూ తినడం ఆపి నావైపు చూశారు. బండి ఆయన గరిటె కింద పెట్టి, "ఆంధ్రా నుంచి ఒచ్చారేటి?" అన్నాడు మర్యాదగానే. "ఇది పంచుక అమ్మా. పున్నమి ముందు ఐదు రోజులు. కొంగ కూడా సేప ముట్టదు." కొంగ కన్నా హీనమైపోయానని సిగ్గుపడి టీ కూడా తాగకుండా ఆటో ఎక్కాను.

మెడికల్ కాలేజీ రోడ్డు

ఆ రోడ్డు చూస్తే జాలేసింది. కాలేజీ పిల్లలున్న ఊరు కదా, అడుగడుగునా తిండే. అయితే బిర్యానీ హోటలు ముందు పెద్ద హండీ బోర్లించి ఉంది. చికెన్ రోల్ బండివాడు పనీర్ రోల్ అమ్ముతూ, కొనేవాళ్ళ కళ్ళలోకి చూడలేకపోతున్నాడు. మోమోల పిల్ల "ఓన్లీ క్యాబేజీ" అని అట్టముక్క మీద రాసి పెట్టుకుంది. ఉల్లి, వెల్లుల్లి కూడా లేవు. ఊరు ఊరంతా పథ్యంలో ఉన్నట్టుంది.

స్వాతి చెప్పిన హోటలు రెండంతస్తుల మేడలో కింద ఉంది. పైన బారు. లోపల పది బల్లలుంటే రెండింటి దగ్గరే మనుషులున్నారు. గల్లాలో కూర్చున్న నీలవేణి నలభై ఏళ్ళ మనిషి, చికిటి దగ్గర తెలుగు రైతుల ఇంటి పిల్ల. మొగుడు సూరత్‌లో మగ్గం మిల్లులో పనిచేస్తాడు. వంటింట్లో ఉన్నావిడ ఆమె అత్తగారు అప్పలనరసమ్మ. స్వాతి మావుసీ ఆవిడే. ఒరియా పిల్లలు పిన్నిని పిలిచినట్టు పిలవడం మొదలుపెడితే తెలుగు పిల్లలు కూడా అదే పిలుపు పట్టుకున్నారట.

స్వాతి పేరు చెప్పగానే నన్ను కూర్చోబెట్టి అన్నం, దాల్మా వడ్డించారు. దాల్మా అంటే కూరముక్కలన్నీ వేసి వండే పప్పు. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు. మర్చిపోయారనుకున్నాను. సాయంత్రం మళ్ళీ తింటే ఉప్పు రెండుసార్లు పడింది. ఈ చేతినా స్వాతి అంత పొగిడిందని మనసులో కొంచెం సంతోషించాను కూడా.

"మొకం మీద కనిపిస్తున్నాదక్కా," అంది నీలవేణి. "నెల దాటింది ఇలాగే. అడిగితే దీచ్చలో రుచి సూడకూడదంటాది. పిల్లలు ఒకరెనక ఒకరు మానీసారు. ఎదర రోడ్డులో లైట్లెట్టి కొత్త హోటలొచ్చింది, అక్కడికి పోతున్నారు."

ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. మేడ పాత్రో బాబుది. పైన బారూ ఆయనదే. కింద భాగం కూడా తీసుకుని ఏసీ గది కట్టాలని ఆయన కోరిక. ఛాడఖాయి రోజు హోటలు పాతరోజుల్లా నిండితే ఆ మాట మళ్ళీ ఎత్తనన్నాడట. నిండకపోతే ఖాళీ చేసి, నీలవేణి పైన బారు వంటింట్లో జీతానికి చేరాలి.

"అయితే నిండుతుందిలే, ఆవిడ మటన్ వండితే," అన్నాను.

"అదేనక్కా. వొండనంటన్నాది."

పైమేడ బారు

గుంటూరు నుంచి చుట్టం వచ్చిందని విని, మర్నాడు సాయంత్రం పాత్రో బాబు నన్ను పైకి ఆహ్వానించాడు. గుంటూరులో నేను బారు గుమ్మం తొక్కితే సాయంత్రానికి మా ఆడపడుచు ఫోన్ చేస్తుంది. ఇక్కడ నన్నెవరు ఎరుగుదురని ధైర్యంగా ఎక్కాను. వెయిటరు నన్ను పరదా ఉన్న ఫ్యామిలీ గదిలో కూర్చోబెట్టి, "సార్ ఎప్పుడొస్తారు?" అని అడిగాడు. రారన్నాను. నిమ్మకాయ సోడా తెచ్చి, మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. మూడోసారికి విసుగొచ్చి, సార్ గుంటూరులో అన్నం తింటున్నారని చెప్పి పరదా నేనే పక్కకు లాగేశాను.

లాగాక కనిపించింది అసలు వినోదం. బారు నిండుగా ఉంది. ప్రతి బల్ల మీదా బీరు సీసాలున్నాయి. పక్కన వేరుశనగలు, కాల్చిన అప్పడాలు, పుట్టగొడుగుల వేపుడు తప్ప నీచు మచ్చుకైనా లేదు. నుదుట గంధం బొట్టు పెట్టుకున్న ఒక కుర్రాడు వెయిటర్ని నిలేసి, "ఈ చిప్స్ వేపిన నూనెలో అంతకుముందు గుడ్డేమైనా పడిందా?" అని అడుగుతున్నాడు. వెయిటరు ఒట్టేశాక గ్లాసు ఎత్తి దండం పెట్టుకుని తాగాడు.

"మందు చెరుకు నుంచి కదా, ఆగ్యా," అన్నాడు పాత్రో బాబు నా ఎదుట కూర్చుంటూ. పెద్దమనిషి, తెల్ల చొక్కా, గుండ్రటి పొట్ట. తెలుగు చక్కగా మాట్లాడతాడు, ఆగ్యా అన్న ఒరియా మర్యాద మాత్రం వదలడు. "చెరుకు శాకాహారమే."

కింద హోటలు సంగతి ఎత్తాను. ఆయన ఇబ్బందిగా కదిలాడు. "నేను దుర్మార్గుణ్ణి కాదు, ఆగ్యా. చిన్నప్పటి నుంచి ఆ మావుసీ చేతి మాంసం తిన్నాను. కానీ ఖాళీ బల్లలు ఎన్నాళ్ళు చూస్తాను? పైన కూర్చోడానికి చోటు లేక పిల్లలు మెట్ల మీద నిలబడుతున్నారు." అది నిజమే. నేను దిగేటప్పుడు మెట్ల మీద ముగ్గురిని దాటుకుని రావాల్సి వచ్చింది.

పంచాంగం తగువు

కిందకి వచ్చేసరికి అత్తాకోడళ్ళు గట్టిగానే వాదించుకుంటున్నారు. నన్ను చూడగానే అప్పలనరసమ్మ తగువు నా ముందు పెట్టింది.

"నువ్వు గుంటూరు మనిసివి, నువ్వు సెప్పమ్మా. మన తెలుగోల్లకి కార్తీకం ఎప్పుడు పోద్ది?"

ఇది చిక్కు ప్రశ్న. ఒరియావాళ్ళ నెల పున్నమితో ముగుస్తుంది. వాళ్ళ కార్తీకం దీపావళికి రెండు వారాల ముందే మొదలై పున్నమికి అయిపోతుంది. మనది దీపావళి వెళ్ళాక మొదలై అమావాస్య దాకా ఉంటుంది. అంటే పున్నమినాటికి వాళ్ళకి పూర్తయితే మనకి సగమే అయినట్టు. ఈ ఊరి తెలుగువాళ్ళు చాలామంది తరాలుగా ఒరియా పంచాంగంతోనే సర్దుకుపోయారు. అప్పలనరసమ్మ కూడా ఏటా ఛాడఖాయికి దగ్గరుండి మటన్ వండినావిడే. ఈ ఏడు మాత్రం టీవీలో ఎవరో స్వామీజీ ప్రవచనం విని, మనం తెలుగువాళ్ళం, అమావాస్య దాకా మాంసం ముట్టుకోనని భీష్మించింది. పోనీ ఒరియా కార్తీకమైనా వదిలిందా అంటే అదీ లేదు. రెండూ కలిపి నెలన్నర దీక్ష.

"అమావాస్యకేనండీ," అన్నాను. అబద్ధం ఎలా చెప్పను? నీలవేణి నన్ను కొరకొరా చూసింది.

"ఇన్నావా?" అంది అత్తగారు కోడలితో, గెలిచినట్టు.

"అయితే మీ ఇంట్లో అమాస దాకా ఏటీ తినరా అక్కా?" అంది నీలవేణి.

మా ఇంట్లో సోమవారాలు తప్ప కార్తీకానికీ కొరమీనుకీ ఏ తగువూ లేదు. ఆ మాటే చెప్పాను. అప్పలనరసమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఆంధ్రా పాడైపోనాది," అని లోపలికి పోయింది. అంతటితో నా తీర్పుకి రెండు వైపులా విలువ లేకుండా పోయింది.

చివరికి నీలవేణే ఒక దారి తీసింది. వంట తాను చేస్తుంది, నేను సాయం చేస్తాను. అత్తగారు ఏదీ ముట్టుకోకుండా పొయ్యి పక్కన పీట మీద కూర్చుని చెబితే చాలు. "అదీ కుదరదంటే ఇప్పుడే పైకెల్లి పాత్రో బాబుకి తాళాలిచ్చీసొస్తాను," అంది. ముసలావిడ గల్లా మీది తాళాల వంక చూసింది. తర్వాత సరేనంది. ఆ ఒప్పుకోవడంలో భయంలాంటిది కనిపించింది గానీ, పాపభీతి అనుకున్నాను.

పున్నమి, గోపాలపురం

పున్నమి పొద్దున్న సముద్రం చూద్దామని గోపాలపురం వెళ్ళాను. జనం అరటిదొప్పలతో, రంగుకాగితాలతో చేసిన చిన్న పడవల్లో దీపం పెట్టి నీళ్ళలో వదులుతున్నారు. పూర్వం ఇక్కడి వర్తకులు ఓడలెక్కి దూరదేశాలకి వెళ్ళినందుకు గుర్తట. నేనూ ఒకటి కొని వదిలాను. అల దాన్ని తెచ్చి నా కాళ్ళ దగ్గరే పడేసింది. మళ్ళీ వదిలితే మళ్ళీ తెచ్చింది. మూడోసారి ఒక పెద్దమనిషి జాలిపడి నా పడవ తీసుకుని మోకాళ్ళ లోతుకి వెళ్ళి వదిలాడు.

ఒడ్డున ఒక తెలుగు జాలరి ఆవిడ చేపల గంప ముందు ఖాళీగా కూర్చుంది. పలకరిస్తే పక్కన చోటు చూపించింది. "ఇయ్యాల నాకాడ పనేటీ నేదు, కూకో. రేపొస్తే మాత్రం నీతో మాటాడ్డానికి నాకు తీరదు," అంది. కార్తీకం గురించి అడిగాను. "సముద్రానికి నేదమ్మా కార్తీకం. కొనేవోల్లకే," అంది నిట్టూర్చి.

ఛాడఖాయి

తెల్లవారకముందే నీలవేణి నన్ను మటన్ కొట్టుకి లాక్కెళ్ళింది. అప్పటికే లైను వీధి మలుపు తిరిగింది. నా ముందు ఒక కాలేజీ లెక్చరరు, వెనక ఒక పోలీసాయన. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు, అందరి చూపూ కొక్కేనికి వేలాడుతున్నదాని మీదే. చాలాసేపు నిలబడ్డాక నా లైను ఒక్కసారిగా పక్కకి తిరిగింది. అది చికెన్ లైనని అప్పుడు తెలిసింది. నీలవేణి అసలు లైనులో నుంచి చెయ్యి చాపి నన్ను లాగేసుకుంది. ఆమె వెనకున్నాయన అభ్యంతరం చెప్పబోయాడు. "ఆంధ్రా నుంచి ఒచ్చింది, పాపం," అని ఆమె అనగానే ఊరుకున్నాడు.

పొద్దెక్కేసరికి రెండు పెద్ద దేక్సాలు పొయ్యిల మీద ఉన్నాయి. అప్పలనరసమ్మ పొయ్యి పక్కన పీట వేసుకుని, బల్లల వైపు తిరిగి కూర్చుంది. ఉల్లి రంగు చూసి చెప్పింది. "ఇంకా ఏపు. ఎర్రగా రావాల." నూనె చిటపట విని చెప్పింది. నేను తెచ్చిన కారం డబ్బా తీస్తే, "ఆ గుంటూరు కారం తగ్గించి ఎయ్యి. పిల్లలు పరీచ్చలు రాయాల," అంది. ఆవిడ చెప్పే తీరుకి నా పొగరు సగం దిగిపోయింది. ఇంట్లో నేను ఉల్లిపాయని అంత ఓపికగా ఎప్పుడూ వేపలేదు.

పన్నెండింటికి పిల్లలు రావడం మొదలైంది. నాలుగు బల్లలు నిండాయి. నీలవేణి విస్తళ్ళు వేయడానికి వెళ్ళింది. నేను కొత్తిమీర తరుగుతున్నాను. ముసలావిడ తన పెళ్ళినాటి విందు గురించి నాకు ఉత్సాహంగా చెబుతోంది. ఇంతలో ఒక కుర్రాడు గట్టిగా, "మావుసీ, మాడుతోంది," అని ఒరియాలో అరిచాడు. నాకూ అప్పుడే ముక్కుకి తగిలింది. అడుగంటిన మసాలా వాసన హోటలంతా కమ్మేసింది. ఆవిడ మోచేతికి జానెడు దూరంలో దేక్సా మాడుతున్నా, ఆవిడ తన పెళ్ళి భోజనంలో గారెల దగ్గరే ఉంది.

నీలవేణి పరిగెత్తుకొచ్చింది. దేక్సా దింపి, మాడిన అడుగు కదపకుండా పైకూరంతా ఇంకో గిన్నెలోకి తీసేసింది. అప్పుడు అత్తగారి వైపు చూసింది.

"అత్తా, నీకు వాసన తెలీనేదా?"

నీలవేణి ఎదురుగా గొంతుక్కూర్చుని మళ్ళీ అడిగింది, ఈసారి చాలా మెల్లగా.

"వానల్లో జొరమొచ్చిన కాన్నుంచి," అంది అప్పలనరసమ్మ. "వాసన నేదు. ఉప్పు తెలీదు. పులుపు తెలీదు. మట్టి తిన్నట్టుంటాది. సెప్తే పొయ్యికాడ్నుంచి లేపీస్తారు. లేపీస్తే నాకింకేటొచ్చు?" చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కార్తీకమైతే రుచి సూడక్కర్నేదు. రెండు కార్తీకాలైతే ఇంకొన్నాల్లు గడుస్తాదనుకున్నాను."

ఉప్పు లేని పప్పు తిని సంతోషపడ్డ నా మొహం నాకే నచ్చలేదు. నీలవేణి నెలరోజులుగా అత్తని తిట్టుకున్న మనిషి. ఆమె కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి, వాటిని చూసుకునే తీరిక మాత్రం లేదు. బయట పిల్లలు బల్లలు గుద్దుతున్నారు.

నీలవేణి గరిటెతో పులుసు తీసి అరచేతిలో వేసుకుని నాకింది. "కారం సరిపోనాది. మాడు రానేదు. కానీ ఏదో తక్కువున్నాదత్తా. నీది ఇలాగుండదు."

"ఎక్కడ తక్కువ? నాలిక్కొసనా, గొంతులోనా?"

నీలవేణి ఇంకోసారి రుచి చూసింది. "గొంతులో."

"అయితే మిరియం. దంచి ఏస్తాను, లెగు." ముసలావిడ పీట మీద నుంచి లేచింది. రోలు అందుకుని కూర్చోబోయి ఆగి, నావైపు చూసి, "పున్నమి అయిపోనాది గదేటమ్మా. ఈ ఊరి నీల్లు తాగుతున్నాం, ఈ ఊరి పంచాంగమే మనది," అంది. నేను అమావాస్య ఊసెత్తలేదు.

మిరియం పడ్డాక నీలవేణి రుచి చూసి పులుపు చెప్పింది, ఆవిడ పులుపు వేసింది. మళ్ళీ చూసి తల ఊపింది. నేనూ అరచెయ్యి చాచాను. స్వాతి చెప్పింది నిజం. నా చేతిది వేరు, ఇది వేరు. కడుపుమంటగా ఉన్నా ఒప్పుకుంటున్నాను.

ఒంటిగంట దాటేసరికి పది బల్లలూ నిండాయి. వాసన పైకెక్కిందేమో, బారులో కూర్చున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని మెట్లు దిగారు. మొన్న చిప్స్ నూనె గురించి అడిగిన గంధం బొట్టు కుర్రాడు మూలుగ ఎముక పట్టుకుని ఊది ఊది పీలుస్తున్నాడు. అందరి తర్వాత పాత్రో బాబు దిగాడు. కూర్చోడానికి చోటు లేదు. తన మేడలో తనే గోడకి ఆనుకుని నిలబడి, విస్తరి చేత్తో పట్టుకుని తిన్నాడు. రెండోసారి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కోకుండానే నీలవేణి దగ్గరికి వచ్చాడు.

"ఏసీ గది మాట మర్చిపో," అన్నాడు. "ఎవరు వండారు ఇవాళ?"

"ఎప్పుడూ వొండే మనిసే. మా అత్త," అంది నీలవేణి, తల తిప్పకుండా.

వంటింటి గుమ్మంలోకి అప్పలనరసమ్మ వచ్చింది. చేతికి మసాలా ఉంది. తింటున్న పిల్లలు మావుసీ మావుసీ అని కేకలు పెట్టారు. ఆవిడ చెయ్యెత్తి వాళ్ళని ఆపింది.

"అది అబద్దమాడుతున్నాది, బాబూ," అంది అందరికీ వినపడేలా. "నాకు నాలిక సచ్చిపోనాది. వానల్నుంచీ రుచి నేదు, వాసన నేదు. సెయ్యి నాది, నాలిక నా కోడలిది. ఇద్దర్నీ కలిపి ఒక వంటమనిసి అనుకో."

పాత్రో బాబు తన ఎంగిలి చేతి వంక చూసుకుని, వేళ్ళు ఇంకోసారి నాకాడు. నీలవేణి మాత్రం అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెండో దేక్సా మూత తీసి, పులుసు అరచేతిలో వేసుకుని చూసింది.

"అత్తా, దీనికి ఉప్పు సాలదు," అని పిలిచింది.

"ఎంత సాలదు?" అంటూ ముసలావిడ లోపలికి నడిచింది.